దక్షిణపు గోడ మీద నవ్వే పుర్రెలు

షికాగో వెళ్ళొచ్చినవాళ్ళు మీకు మబ్బుల్లో తల దూర్చిన భవనాల గురించి చెబుతారు. సముద్రమని పందెం కాయగలిగేంత సరస్సు గురించి చెబుతారు. నేను మూడు రోజులు వెళ్ళి ఒక్క గోడ చూసి వచ్చాను. తప్పు నాది కాదు, గోడదే. మిషిగన్‌లో మా ఊరు నోవైలో గనక అంత గోడ ఉంటే దానికి వేరే జిప్‌కోడ్ ఇచ్చి, ఎన్నికల్లో ఓటు కూడా ఇచ్చేవారు.

ఆ గోడ మా తోడల్లుడు శ్రీకాంత్‌ది. షికాగోలో పిల్సెన్ అనే పేట ఉంది. పేరు యూరప్‌ది, ఇప్పుడున్నవాళ్ళు ఎక్కువగా మెక్సికో మూలాలవాళ్ళు. అక్కడ కింద కొట్టు, పైన రెండు వాటాలు ఉన్న ఇటుకల బిల్డింగు ఒకటి కొన్నాడు. "కళలతో కళకళలాడే పేట" అని ప్రకటనలో రాశారట. ఫోటోలన్నీ ముందు వైపునించి తీసినవే. కొన్నాక ఏజెంటు పక్కగోడ వీడియో పంపితే, దాని నిండా పుర్రెలు. ఒకటి కాదు, రెండు కాదు, పెళ్ళికి బయల్దేరిన బంధువర్గమంత మంది అస్థిపంజరాలు, పకపకా నవ్వుతూ.

శ్రీకాంత్ భార్య సుధ, అంటే మా మరదలు, ఆ వీడియోని క్షణంలో తెనాలి సిద్ధాంతిగారికి పంపింది. ఆయన క్షణంలో తీర్పు పంపారు: దక్షిణం గోడ, యముడి దిక్కు, పైగా పుర్రెలు, వెంటనే సున్నం కొట్టించండి. శ్రీకాంత్ శనివారానికి రంగులవాళ్ళని కుదిర్చాడు. గ్రే వేయాలనుకున్నాడు. ఏ గ్రే అన్నది తేల్చడానికి నన్ను రమ్మన్నాడు.

నేనెందుకంటే, నాది కారు రంగుల ఉద్యోగం. అమెరికా రోడ్ల మీద మీరు చూసే బూడిదరంగు కార్లలో కొంత పాపం నాది. తడిసిన సిమెంటు, ఉడికిన మబ్బు, ముసలి ఏనుగు, ఇలా గ్రేకి నేను పెట్టిన పేర్లతో సహస్రనామం కట్టొచ్చు. "సోమవారం పొద్దున్న" అనే గ్రే ఒక్కదాన్నే కంపెనీ ఒప్పుకోలేదు.

మా ఆవిడ రానంది. "గోడకి రంగు వేయడం చూడ్డానికి షికాగో దాకా ఎందుకండీ? మన గరాజ్ గోడ ఆరేళ్ళుగా మీకోసమే ఎదురుచూస్తోంది."

బ్లూబెర్రీ తోటల పక్కన

అక్టోబరు చివరి గురువారం నోవై నించి శ్రీకాంత్, సుధ, నేను ఒకే కారులో బయల్దేరాం. మిషిగన్ పడమటి వైపు చెట్లన్నీ మంటలంటుకున్నట్టున్నాయి. నా రంగుల కేటలాగు సిగ్గుతో బ్యాగులో ముడుచుకుంది.

తోటల దగ్గర ఒక ట్రక్కు కనిపించింది. బ్లూబెర్రీల కాలం అయిపోయింది, పక్కన ఆపిల్ పళ్ళు కోసే పనివాళ్ళకి తమాలే అమ్ముతున్నారు. మొక్కజొన్న పిండిలో కూర పెట్టి, పొత్తు రేకులో చుట్టి, ఆవిరిమీద ఉడికిస్తారు. మా కోనసీమలో పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు ఉడికించినట్టే. పిండి మారింది, ఆకు మారింది, ఆవిరి మాత్రం మా పిన్ని వంటింట్లోదే. సుధకీ నాకూ బీన్స్‌వి, శ్రీకాంత్‌కి చికెన్‌ది తీసుకున్నాం.

శ్రీకాంత్ వరంగల్లువాడు. పొట్టిక్కల పరిచయం లేదు. రేకుతో సహా నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. గేదె నెమరు వేసినంతసేపు నమిలాడు.

"అన్నా, మంచిగనే ఉన్నది గానీ జర నార ఎక్కువున్నట్టున్నదే."

"అది నార కాదు శ్రీకాంత్, కవరు," అన్నాను.

ట్రక్కులోని ఆవిడ నవ్వీ నవ్వీ గరిట కింద పడేసుకుంది. మింగేదాకా చెప్పనందుకు శ్రీకాంత్ ఇండియానా దాటేవరకు నాతో మాట్లాడలేదు. ఇండియానా అడ్డంగా అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

"మీరా! మీరా!"

శుక్రవారం పొద్దున్న పిల్సెన్. వీధికి అడ్డంగా కత్తిరించిన రంగు కాగితాల తోరణాలు, మన జాతరల్లో కట్టినట్టే. కాకపోతే వాళ్ళు ఆ కాగితంలో పక్షుల్ని, పూలని, పుర్రెల్ని కూడా కత్తిరిస్తారు. ప్రతి గుమ్మం ముందూ బంతిపూలు. మన గుమ్మాలకి కట్టే అవే బంతిపూలు. పుట్టిల్లు మెక్సికోనట, మనింటికి కోడలిగా వచ్చి పెత్తనం చేస్తున్నాయన్నమాట. చచ్చిపోయినవాళ్ళు ఏడాదికోసారి ఇంటికొచ్చే పండగ దగ్గరపడిందనీ, ఆ వాసన పట్టుకునే వాళ్ళు దారి కనుక్కుంటారనీ చెప్పారు. జీపీఎస్ ఉండి కూడా మేం రెండుసార్లు దారి తప్పాం.

అప్పుడు చూశాను గోడని. తాటిచెట్టంత ఎత్తు. పూరీల మూకుళ్ళంత బంతిపూలు. మధ్యలో స్టీరింగు పట్టుకున్న అస్థిపంజరం ఒకటి, మెరిసే ఎర్ర కారులో. పక్కన కుట్టుమిషన్ తొక్కుతూ ఒకావిడ, రొట్టెలు మోస్తూ ఒకాయన, ఇంకా చాలామంది, అందరూ ఎముకలే, అందరూ నవ్వులే. ఇరవై ఏళ్ళు బూడిదలో పొర్లాడిన నా కళ్ళకి నీళ్ళొచ్చాయి. చలిగాలి అని శ్రీకాంత్‌కి చెప్పాను.

ఇంతలో వెనకనించి ఒకావిడ కేక. "మీరా! మీరా!"

ఉలిక్కిపడి తిరిగాను. రోడ్డవతల అరవై దాటిన ఒకావిడ నా వైపే చెయ్యి చూపిస్తూ పరిగెత్తుకొస్తోంది. ముక్కూమొహం తెలియని ఊళ్ళో "మీరా!" అని అంత ఆప్యాయంగా పలకరిస్తే తెలుగువాడన్నవాడు ఏం చేస్తాడు?

"అవునండీ, మేమే!" అన్నాను చేతులు జోడించి. జోడించి ఒక అడుగు వెనక్కి వేశాను.

ఆ అడుగు పసుపు రంగు బకెట్లో పడింది. మోకాలి దాకా.

స్పానిష్‌లో "మీరా" అంటే "చూడు" అట. పాపం చూసుకోమనే అరిచింది.

ఆవిడ పేరు చేలా. కింద కొట్టు ఆవిడదే, అంటే శ్రీకాంత్‌కి కిరాయిదారు. కాగితం తోరణాలు కత్తిరించి అమ్ముతుంది. గోడ వేసింది కూడా ఆవిడే. నా కాలు చూసి, "ఆ పసుపు మా పూలకి. నీ కాలికి కాదు," అంది. తర్వాత శ్రీకాంత్‌ని పైనుంచి కిందకి కొలిచి చూసింది. "గ్రే వేయిస్తానని ఉత్తరం పంపింది నువ్వేనా?"

"ఎస్ మేడమ్," అన్నాడు శ్రీకాంత్, స్కూల్లో హెడ్‌మాస్టరు ముందు నిలబడినట్టు.

"మరి ఇతను?"

"గ్రే ఎక్స్‌పర్ట్."

అప్పటినుంచి నా పేరు సెన్యోర్ గ్రే, అంటే గ్రేగారు.

పంచదార వేసిన గోంగూర

కొట్టులోకి రమ్మని ఎర్రటి చల్లటి పానీయం ఇచ్చింది. సుధ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసింది. గుంటూరు జిల్లా ఆడపడుచు నాలుకని మోసం చేయడం బ్రహ్మతరం కాదు.

"బావగారూ, ఇది గోంగూర."

"ఊరుకో."

"ఎర్ర గోంగూర కాయండీ. పైన ఎర్రటి రేకులుంటాయి చూడండి, అవి మరగబెట్టి పంచదార పోశారు! గోంగూరలో పంచదార!"

ఆ మాట అన్నప్పుడు సుధ ముఖంలో కనిపించిన దిగ్భ్రాంతి పుర్రెల్ని చూసినప్పుడు కూడా కనిపించలేదు. అయినా గ్లాసు ఖాళీ చేసి ఇంకోటి అడిగింది.

కొట్టు మూల మెట్లుమెట్లుగా పీఠం. బంతిపూలు, కొవ్వొత్తులు, పైన ఒక మీసాలాయన ఫోటో. ముందు ఒక పళ్ళెం తమాలే, ఒక బీరు సీసా. ఆయన చేలా భర్త బేటో. గోడమీద కారు నడుపుతున్నది ఆయనే. మనం పితృదేవతలకి నువ్వులూ నీళ్ళూ వదిలి సరిపెడతాం. వీళ్ళు బీరు ఇస్తారు, అదీ చల్లగా. మా పెదనాన్నగారికి ఈ సంగతి తెలిసి ఉంటే మెక్సికోలో పుట్టేవారు.

గోడలోని ఆ కారు నిజంగానే ఉంది, వెనక షెడ్డులో. బేటో సొంతంగా రంగు వేసుకున్నాడు. వెండి మీద ఎరుపు, ఎరుపు మీద ఎరుపు, పొర మీద పొర. అందులో చెయ్యి పెడితే మోచేతిదాకా మునుగుతుందేమో అనిపించింది. మా కంపెనీలో ఇంతమంది ఇంజనీర్లం, ఇన్ని రోబోలు కలిసి ఏనాడూ తేలేని లోతు.

"ఈ రంగు వేసేటప్పుడు పేటలో గాలి ఆగిపోయింది. దుమ్ము పడకూడదని పావురాలు కూడా ఎగరలేదు," అంది చేలా.

అతిశయోక్తుల్లో నాకు పోటీ ఎదురైంది జీవితంలో అదే మొదటిసారి. "మా ఊళ్ళో తేరుకి రంగు వేసేటప్పుడు గోదావరే ఆగుతుంది," అన్నాను.

"ఎంతసేపు?" అని అడిగింది, కనురెప్ప కూడా వేయకుండా. నేను ఓడిపోయాను.

శ్రీకాంత్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఆర్ట్ బ్యూటిఫుల్. బట్ న్యూట్రల్ కలర్ ఉంటే రీసేల్ వాల్యూ…"

చేలా కత్తెర పక్కన పెట్టింది. ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది, నేను తెలుగులో చెబుతున్నాను. "ముందు మా బొమ్మల్ని పిచ్చిగీతలన్నారు. పోలీసుల్ని పిలిచారు. తర్వాత జానపదం అన్నారు. ఇప్పుడు మ్యూజియంలవాళ్ళొచ్చి అదే గోడ ముందు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. బస్సుల్లో టూరిస్టులొస్తున్నారు. గోడ మారలేదు, నేను మారలేదు. ఈ పేట గోడల పేరు చెప్పే నీకు ఈ బిల్డింగు ఎక్కువ రేటుకి అమ్మారు. నువ్వు అంత రేటూ ఇచ్చి మొట్టమొదట గోడ చెరిపేస్తానంటున్నావు. తమాలే కొనుక్కుని లోపలిది పారేసి రేకు తినేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు."

శ్రీకాంత్ నా వైపు చూశాడు. నేను చెప్పలేదని కళ్ళతోనే ఒట్టేశాను.

"భయమేస్తుందండీ, పుర్రెలు కదా," అంది సుధ మెల్లగా.

"అక్టోబరులో ఏ సూపర్‌మార్కెట్‌కైనా వెళ్ళమ్మా. మా పుర్రె లేని పేపర్ నాప్‌కిన్ దొరకదు. మూతి తుడుచుకునేటప్పుడు ముద్దొస్తుంది, గోడమీదైతే భయమేస్తుందా?"

సుధ మొగుడి వైపు తిరిగి తెలుగులో, "మనం కూడా కొన్నాం కదండీ, పిల్లల పార్టీకి. ప్లేట్లూ, కప్పులూ," అంది.

"గవి డిస్పోజబుల్ సుధా," అన్నాడు శ్రీకాంత్.

నాలుక పేచీ

సాయంత్రం హోటల్లో నా బుర్రలో ఒక మహత్తరమైన ఆలోచన మెరిసింది. వెలుగుకి కర్టెన్లు కొంచెం కదిలాయి కూడా.

"సుధా! మనం కొత్త ఇల్లు కడితే ముందు ఏం కడతాం?"

"దిష్టిబొమ్మ."

"అదెలా ఉంటుంది? గుడ్లు మిటకరించి, పళ్ళు బయటపెట్టి, రోడ్డు వైపు చూస్తూ. మరి ఆ గోడ మీద ఉన్నవేమిటి? ఊరికే, ఉచితంగా, ఇంతింత దిష్టిబొమ్మలు! ఉన్న దిష్టిబొమ్మకి సున్నం కొట్టేవాళ్ళని ఎక్కడైనా చూశావా?"

శ్రీకాంత్ మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "అన్నా, నువ్వు గ్రేలో పుట్టాల్సినోడివి కాదే."

సుధ వెంటనే తెనాలికి వీడియో కాల్ చేసింది. అక్కడ తెల్లారుతోంది. సిద్ధాంతిగారు తడిబట్టతో, పూజకి కూర్చోబోతూ దొరికారు. అంతా విని, కోర్టులో జడ్జిలా ఒక్కొక్కటే అడిగారు. రోడ్డు వైపు చూస్తున్నాయా? చూస్తున్నాయి. కళ్ళు పెద్దవా? గుంటలు, చాలా పెద్దవి. పళ్ళు? అన్నీ పళ్ళే.

"నాలుక?"

శ్రీకాంత్ తన ఫోన్లో గోడ వీడియో వెతికి చూసి తల అడ్డంగా ఊపాడు.

"నాలుక బయటికి వేలాడాలమ్మా. నాలుక లేకపోతే అది దిష్టిబొమ్మ కాదు, ఉత్త పుర్రె. ఎర్రగా, జానెడు నాలుక పెట్టించండి, ఉంచుకోండి. లేదంటే సున్నం." ఫోన్ పెట్టేశారు.

జానెడు నాలుకదేముంది, ఒక్క గంట పని. గోడ నిలిచిపోయిందనే అనుకుని ఆ పూట స్వీట్లు కొనుక్కుని మరీ తిన్నాం. అక్కడి రొట్టెల కొట్లో గవ్వ ఆకారంలో, పైన గులాబిరంగు చక్కెర పెచ్చుతో బన్నులుంటాయి. నా దిండంత ఉంది ఒక్కొక్కటి, దిండు కంటే మెత్తగా కూడా ఉంది.

రంగులవాళ్ళొచ్చారు

శనివారం మేం వెళ్ళేసరికే రంగులవాళ్ళ ట్రక్కు గోడ ముందు ఆగి ఉంది. గ్రే డబ్బాలు వరసగా దింపారు. మేస్త్రీ మాత్రం కిందకి దిగలేదు. స్టీరింగు దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"అది బేటో," అన్నాడు శ్రీకాంత్‌తో, గోడవైపు గడ్డం చూపిస్తూ. "నా మొదటి కారుకి రంగు వేసింది ఆయన. మీరు ఏదో ఒకటి తేల్చుకోండి. తేలేదాకా నేను కాఫీ తాగుతాను."

చేలా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. సుధ చాలా మర్యాదగా నాలుక సంగతి విన్నవించింది. నేను పక్కనించి దిష్టి అంటే ఏమిటో, బొమ్మ అంటే ఏమిటో, ఇదెంత గౌరవమో వివరించాను. గోడ ఉంటుంది, ఒక్క నాలుక చాలు అన్నాను.

చేలా అంతా విన్నది.

"అంటే మా బేటో జనాన్ని భయపెట్టాలా?"

"దుష్టశక్తుల్ని మాత్రమే," అన్నాను.

"సెన్యోర్ గ్రే, నా మొగుడు యాభై ఎనిమిదేళ్ళు బతికాడు. ఒక్కణ్ణి చూసి కూడా నాలుక బయటపెట్టలేదు. అక్కడ నవ్వుతున్నాడంటే లోపలికి రమ్మని నవ్వుతున్నాడు, పొమ్మని కాదు. మీకు పనికొచ్చే బొమ్మగా మార్చుకుంటేనే గోడ ఉంటుందంటే…" డబ్బాల వైపు చూసింది. "గ్రే వేసుకోండి. గ్రే కింద ఆయన ఆయనలాగే ఉంటాడు."

నా మహత్తరమైన ఆలోచన గాలి తీసిన ట్యూబులా నా కాళ్ళ దగ్గర పడింది. నాకు జవాబు దొరక్కపోవడం ఎంత అరుదంటే, శ్రీకాంత్ నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూశాడు.

సుధ గోడ దగ్గరకి నడిచింది. నిన్నటిదాకా రోడ్డవతలనించే చూసింది, ఇప్పుడు చెయ్యి అందేంత దగ్గరకి వెళ్ళింది.

"ఈ కుట్టుమిషనావిడ ఎవరండీ?"

"పైవాటాలో ఉండే లూపే వాళ్ళమ్మ. రొట్టెలాయన, అంతకుముందు ఆ వాటాలో ఉన్నవాళ్ళ తాత. ఈ బిల్డింగులోకి ఎవరొచ్చినా వాళ్ళ మనిషినొకరిని తెచ్చుకుంటారు. నేను గోడమీదకి ఎక్కిస్తాను. అదే ఇక్కడి పద్ధతి."

"అందరూ ఇటే చూస్తున్నారేం?"

"దక్షిణం కదా. మెక్సికో అటే. అటునించే వస్తారు, అటే చూస్తారు."

సుధ కూడా వాళ్ళు చూస్తున్న వైపు తిరిగి చూసింది. తర్వాత మొగుణ్ణి పిలిచింది. "ఏమండీ, మామయ్యగారి తద్దినం పెట్టినప్పుడు తర్పణాలు ఎటు తిరిగి వదిలారు?"

"దక్షిణం. అయ్యగారు చెప్పిండు కదా, పితృదేవతలది గదే దిక్కని."

"మరి?"

శ్రీకాంత్ గోడని చూశాడు. గ్రే డబ్బాలని చూశాడు. మళ్ళీ గోడని చూశాడు.

"ఇవి దిష్టిబొమ్మలు కావు బావగారూ," అంది సుధ నాతో. "మీరు ఊరికే తికమక పెట్టారు. ఇంటివాళ్ళు వీళ్ళు. ఇంటివాళ్ళకి సున్నం కొడతారా ఎవరైనా?"

"మరి సిద్ధాంతిగారు?" అన్నాడు శ్రీకాంత్.

"నేను ఆయన్ని పుర్రెల గురించి అడిగాను, దిష్టిబొమ్మ గురించి అడిగాను. పెద్దవాళ్ళ గురించి అడగనే లేదు. ఇక అడగను కూడా."

"మరి రీసేల్?"

"అమ్మితే కదా!"

శ్రీకాంత్ ట్రక్కు దగ్గరకి వెళ్ళాడు. "బాస్, ప్లాన్ చేంజ్. ఈ గోడ వద్దు." మేస్త్రీ అప్పటికే కప్పు పారేసి కిందకి దిగుతున్నాడు. డబ్బాలు తెప్పించాక వాడకపోతే వరంగల్లు రక్తం ఊరుకోదు కాబట్టి, వెనక చెత్తడబ్బాల గోడకి గ్రే వేయించారు. నా జీవితకాలపు కృషికి సరైన స్థానం దొరకడం కళ్ళారా చూశాను.

చేలా లోపలికెళ్ళి అందరికీ పంచదార గోంగూర పట్టుకొచ్చింది. ఒక గ్లాసు సుధ చేతిలో పెట్టి, "ఇల్లు మీదే కదా, మరి మీవాళ్ళెక్కడ?" అంది. గోడ చివర, గ్యాసు మీటరు పైన, మనిషి పట్టేంత ఖాళీ చూపించింది.

సుధ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా అమ్మమ్మ. అంచున్న నేత చీర. చేతిలో విసనకర్ర. ముక్కుపుడక తప్పకుండా ఉండాలి."

చేలా ముక్కుపుడక అంటే ఏమిటో కనుక్కుంది. కనుక్కుని గోడవైపు చూసింది. "అమ్మా, పుర్రెకి ముక్కుండదు."

"అది నాకు తెలీదండీ. ముక్కుపుడక తియ్యమంటే ఆస్పత్రిలో స్కానింగే వద్దని ఇంటికొచ్చేసిన మనిషి మా అమ్మమ్మ. అది లేకుండా గోడెక్కదు."

"ముక్కు లేకుండా దేనికి పెట్టను?"

"ఆర్టిస్టు మీరు," అంది సుధ.

మాటలతో పావురాల్ని ఆపిన మనిషి ఆ మధ్యాహ్నమంతా పెన్సిలు కొరుకుతూ ఆ ఖాళీ ముందు నిలబడింది. చీర వచ్చింది. విసనకర్ర వచ్చింది. పుర్రె వచ్చింది, ముక్కు చోట నల్లటి గుంటతో. చివరికి అన్నిటికంటే సన్నటి కుంచె తీసి, ఆ గుంట చీకట్లో, కుడివైపున, దేనికీ ఆనకుండా ఒక్క తెల్లటి చుక్క పెట్టి నిచ్చెన దిగింది.

రోడ్డవతలికి వెళ్ళి చూశాం. ఆ గోడంతటి మీదా ముందు కనిపించేది అదే.

"అమ్మమ్మే," అంది సుధ.

శ్రీకాంత్ మెల్లగా నా వెనక్కి జరిగాడు. "సుధా, మీ అమ్మమ్మ నన్నే జూస్తున్నట్టున్నది."

"చూడనివ్వండి. పెళ్ళిలో మీ మొహం సరిగ్గా చూళ్ళేదని పోయేదాకా అంటూనే ఉండేది."